నేను చూస్తే బుద్ధిగా నడిచిన కంప్యూటర్

సొంత చెల్లెలి నౌకరీని ఒక్క స్క్రూడ్రైవర్‌తో ముంచవచ్చా అని మీలో ఎవరికైనా సందేహం ఉంటే ఈ నాలుగు పేజీలు చదవండి. ముంచవచ్చు. పది రోజులు చాలు. పైగా ముంచుతున్నంతసేపూ ఆమెను ఒడ్డుకు లాగుతున్నానని గట్టిగా నమ్మాలి. ఆ నమ్మకం లేకపోతే పని అంత చక్కగా చెడదు. నాకు ఆ నమ్మకం దండిగా ఉండేది, ఇరవై నాలుగేళ్ల వయసులో ఇంకేమీ లేకపోయినా.

నా పేరు సాయిలు. బోధన్‌లో మోటార్లు చుడతాను, వైండింగు అంటారే, అది. ఎనిమిదో తరగతిలో నేను బడిని వదిలానా, బడే నన్ను వదిలిందా అన్న విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ మాట కలవలేదు. రైతులు కాలిపోయిన మోటారు తెస్తే లోపలి పాత రాగితీగ పీకేసి, కొత్తది చుట్టి, నడిపి చూపించి పంపుతాను. నడిపి చూపించడం ముఖ్యం. మా దిక్కు రైతు రసీదు అడగడు, మోటారు మోత అడుగుతాడు. ఒకసారి వింటే చాలదు. "మల్లొకసారి స్విచ్చెయ్" అంటాడు. "బందు చెయ్, మల్లెయ్" అంటాడు. పెండ్లిచూపుల్లో పిల్లను నడవమన్నట్టు మోటారును నాలుగుసార్లు నడిపించి, చెవి దగ్గర పెట్టి, తల ఊపి, అప్పుడు గడప దిగుతాడు.

మా ఇంటి ముందు గదే నా దుకాణం. దాని వెనక గదిలో కిటికీ పక్కన మా అవ్వ (మా దిక్కు అమ్మను అలాగే అంటాం) చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేది. అవ్వతో పాటు చెల్లె మౌనిక కూడా చుట్టేది. చుడుతూ చుడుతూనే డిగ్రీ చదివింది. ఒక చేతిలో తునికాకు, ముందర పుస్తకం. ఆమె నోట్సులో ప్రతి పేజీకీ తంబాకు వాసన ఉండేది. పరీక్ష దిద్దినవాళ్లు తుమ్ముకుంటూ మార్కులు వేసి ఉంటారు.

ఆ మౌనికకు హైదరాబాద్ నుంచి ఒక అవకాశం వచ్చింది. పాత చేతిరాత కాగితాల ఫోటోలు పంపుతారు, వాటిని చూసి తెలుగులో టైపు చేసి వాళ్ల సైట్‌లో పెట్టాలి. పది రోజుల పరీక్ష. నూట ఇరవై పేజీలు. పదో రోజు సాయంత్రం ఐదుకల్లా చివరి పేజీ చేరితే ఇంట్లోనే కూర్చొని చేసుకునే నౌకరి, లేకపోతే మళ్లీ చాట. ఒక ఇబ్బంది ఏమిటంటే, పేజీ మొత్తం పూర్తి చేసి పంపితేనే వాళ్లకు చేరుతుంది. మధ్యలో ఆగితే ఆ పేజీ మొదటి అక్షరం నుంచి మళ్లీ కొట్టాలి.

అవ్వ ఆ సంగతి విని ఒకటే అన్నది. "దీని వేళ్లన్న తంబాకుల నుంచి బయటవడాలె. నా వేళ్లెట్లనో పోయినయ్."

నేను వెంటనే నిజామాబాద్ పోయి ఒక వాడిన కంప్యూటర్ కొనుక్కొచ్చాను. వైర్లన్నీ నేనే కలిపాను. మౌనిక చూపించిన చోటే కలిపాననుకోండి, కానీ కలిపిన చేయి నాదే కదా. తెర వెలగగానే దుకాణంలో ఉన్న ఇద్దరు రైతులను పిలిచి చూపించాను. వాళ్లు చెవి దగ్గర పెట్టి విందామని చూశారు గానీ అది మోత చేయలేదు. పాపం, నిరాశపడ్డారు.

మొదటి రోజు పదింటికి లోపలి నుంచి కేక.

"అన్నా, బందైంది."

చేతిలో మోటారు పని పక్కన పడేసి పరుగెత్తాను. తెర మీద కంప్యూటర్ అప్పుడే పుట్టినట్టు మొదటి నుంచి మొదలవుతోంది.

"నువ్వేం నొక్కినవ్?"

"క నొక్కిన."

"క నొక్కితె బందైతదా?"

"నాకేం తెలుసు. క నొక్కిన, టప్పుమని నల్లగైంది. సగం పేజీ పాయె."

"మల్ల క నొక్కకు."

"క లేకుంట తెలుగెట్ల రాస్తరన్నా?"

 జవాబు లేనప్పుడు మగవాళ్లు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. స్టూలు లాక్కొని, చేతులు కట్టుకొని, కంప్యూటర్ వైపు కోపంగా చూస్తూ కూర్చున్నాను. గంటసేపు కూర్చున్నాను. అది మంచి ఇంట్లో పెరిగిన పిల్లలా నడిచింది. మౌనిక క కొట్టింది, గుణింతం మొత్తం కొట్టింది, ఒత్తులు కొట్టింది. ఏమీ కాలేదు.

"సూసినవా?" అన్నాను లేస్తూ. "యంత్రానికి మనిషెవడో తెలుస్తది. నన్ను సూసి భయపడ్డది."

దుకాణంలోకి వచ్చి పని అందుకున్నాను. పావుగంట కాలేదు.

"అన్నా."

ఇక్కడ నేను ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, మీరూ మీ పని చూసుకునేవారు. కానీ నేను ఆలోచించే రకం కాదు. చేసేసి, ఆ తర్వాత ఎవరైనా ఆలోచిస్తే వాళ్లను కసిరే రకం.

రెండోసారి లోపలికి పోగానే కిటికీ దగ్గర నుంచి అవ్వ అన్నది. "ఓ సాయిలూ, ఒక మాట."

"అవ్వా, నువ్వు ఊకో. ఇది కంప్యూటర్. నువ్వు ఆకు కత్తిరియ్యి."

అవ్వ ఆకు కత్తిరించింది. మాట మింగిన చప్పుడు కూడా వినిపించకుండా మింగింది.

మూడు రోజుల్లో కంప్యూటర్ పదిహేడుసార్లు ఆగిపోయింది. నేను పక్కన ఉన్నప్పుడు ఒక్కసారీ కాదు. ఈ విషయం నాకు గర్వకారణంగా తోచింది. దుకాణానికి వచ్చిన రైతులందరికీ చెప్పాను. "నేను కూసుంటె కుక్కపిల్ల లెక్కుంటది. నేను లేస్తె ఎగుర్తది." వాళ్లు నన్ను మెచ్చుకొని, "సరే గని జర మోటారు స్విచ్చెయ్" అనేవారు. నేను వేసేవాణ్ని. లోపలి నుంచి "అన్నా" అని వినిపించేది. "ఆగుండ్రి, మల్ల పిలుస్తాంది" అని లోపలికి పోయేవాణ్ని.

మీలో కొందరికి ఇప్పటికే నవ్వు వస్తూ ఉండాలి. నవ్వండి. మీకు ఐదు నిమిషాల్లో తెలిసింది నాకు పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ నేను ఆ ఇంట్లో కరెంటు గురించి తెలిసిన ఏకైక మనిషిని.

నాలుగో రోజు నేను దోషిని పట్టుకున్నాను. సీపీయూ డబ్బా మూత విప్పితే లోపలి ఫ్యాను రెక్కల మీద గోధుమరంగు పొడి. వేలితో తీసి వాసన చూశాను. తంబాకు.

"అవ్వా," అన్నాను, పంచాయితీలో తీర్పు చెప్పే పెద్దమనిషిలా, "ఇదంత నీ పనే. నీ తంబాకు తిని తిని దీనికి దమ్మొస్తాంది."

"అరే, అది జర తూడిస్తె పోతది గద. అసలు సంగతేందంటె, నువ్వు ఆడ..."

"అసలు సంగతి నాకెర్కే. నువ్వు ఇక్కడ కూసోకు."

అవ్వ చాట, తంబాకు డబ్బా, కత్తెర, దారపు ఉండ అన్నీ తీసి రెండు గదుల మధ్య గడప పక్కన పెట్టాను. ఆమె పాతికేళ్లుగా కూర్చున్న కిటికీ వెలుతురు పోయింది. గడప దగ్గర ఆమెకు నడుము ఆనించడానికి గోడ కూడా సరిగ్గా లేదు. అవ్వ ఒకసారి దుకాణం వైపు చూసింది, ఒకసారి కంప్యూటర్ వైపు చూసింది, ఆకు అందుకుంది.

తంబాకు పోవడానికి డబ్బాలోకి నా దుకాణం బ్లోయర్ పెట్టాను. పొడి పోయింది. డబ్బాలో నుంచి పోయి గదిలో పడింది. ముగ్గురమూ గంటసేపు తుమ్మాం. మౌనిక తుమ్ముతూనే ఒక పేజీ కొట్టింది. సరిగ్గా చివరి వాక్యంలో, నేను దుకాణంలోకి పోయిన కాసేపటికి, ఆగిపోయింది.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత, దాన్ని గట్లనే ఇడిచిపెట్టు. ఆగినప్పుడు ఆగని. నేనే మల్ల కొట్టుకుంట."

"నౌకరి నీది, ఇజ్జత్ నాది," అన్నాను. ఈ వాక్యం అప్పట్లో నాకు చాలా గొప్పగా అనిపించింది. ఇప్పుడు చదువుకుంటే ఎవరి నౌకరి, ఎవరి ఇజ్జత్, మధ్యలో నువ్వెవరు అని నన్నే అడగాలనిపిస్తోంది.

ఐదో రోజు నా ప్రతిభ శిఖరాన్ని చేరింది. డబ్బా లోపల ఫ్యాను కింద ఒక చిన్న చతురస్రపు ముక్క, దాని మీద తెల్లటి పేస్టు ఎండిపోయి సున్నంలా అతుక్కొని ఉంది. ఎండినచోట గ్రీజు పెట్టాలి. నా శాస్త్రం మొత్తం ఇంతే, దీనికి ముందూ లేదు వెనకా లేదు. మోటారు బేరింగులకు పెట్టే గ్రీజు డబ్బా తెచ్చి, పెండ్లికొడుక్కు నలుగు పెట్టినట్టు ధారాళంగా పెట్టాను. ఫ్యాను ఇరుసుకూ పెట్టాను. మిగిలింది వేలికి ఎందుకని అక్కడక్కడ తుడిచాను.

స్విచ్చి వేసిన పది నిమిషాలకు ఇల్లంతా మిర్చి బజ్జీల వాసన. పక్కింటి ఆవిడ గోడ మీదుగా, "ఏంది, ఇయ్యాల్ల ఏం జేస్తుండ్రు?" అని అడిగింది. మౌనిక చెప్పింది. "మా అన్న కంప్యూటర్ కాలుస్తుండు పిన్నీ."

మర్నాడు డబ్బా ఒళ్లో పెట్టుకొని నిజామాబాద్ బస్సెక్కాను. అంటే మౌనికకు ఒక రోజు మొత్తం పోయిందన్నమాట. పక్కన కూర్చున్న పెద్దమనిషి ముక్కు ఎగబీల్చి, "బజ్జీలెక్కడ కొన్నవ్ బిడ్డా?" అన్నాడు.

కంప్యూటర్ దుకాణం మనిషి మూత తీసి వాసన చూశాడు. తర్వాత గుడ్డ తీసుకొని తుడవడం మొదలుపెట్టాడు.

"గిది ఎవరు పెట్టిండ్రు?"

"ఏమో. కొన్నప్పటి సంది ఉన్నది."

"నేనే గదా అమ్మిన."

నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. ఆయన మంచివాడు, ఇంకేమీ అడగకుండా తుడిచి, కొత్త పేస్టు పెట్టి, నడిపించాడు. అది మూడు గంటలు ఏకధాటిగా నడిచింది. నేను బయటికి పోయి చాయ్ తాగి వచ్చాను, అప్పుడూ నడుస్తోంది. నేను లేకపోయినా నడుస్తున్నందుకు కొంచెం నొచ్చుకున్నాను కూడా.

"దీంట్ల ఏం లేదు తమ్మీ," అన్నాడాయన. "మీ ఇంట్ల కరెంటు బరాబరుంటదా? వోల్టేజి పడ్తదా? పెద్ద యంత్రం ఏదన్న నడుస్తదా ఆడ? ఒక యూపీఎస్ డబ్బా పెట్టుకో, కరెంటు జర పడ్డా నిలబడ్తది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరికి చెబుతున్నాడు? ఎనిమిదేండ్ల నుంచి కరెంటులోనే బతుకుతున్న మనిషికి.

"అన్నా, నీ పని కంప్యూటర్," అన్నాను లేచి నిలబడి. "కరెంటు నా పని. నా ఇంట్ల కరెంటు గురించి నాకు జెప్పకు."

ఆయన నా గ్రీజు వేళ్ల వైపు చూసి, "సరే," అన్నాడు. ఆ "సరే"లో ఎంత అర్థం ఉందో అప్పుడు తూచలేదు.

ఇంటికి వచ్చేసరికి అవ్వ గడప దగ్గరే ఉంది. "సాయిలూ, ఇప్పుడన్న వింటవా? ఒక మాట."

"అలిసి అచ్చిన అవ్వా. రేపు."

రేపు అన్నది ఎప్పుడూ రాలేదు. వర్ని, రెంజల్ దిక్కు నారుమళ్లు పోసే రోజులు. మోటార్లు వరసగా వచ్చి పడ్డాయి. నేను చుట్టడం, నడిపి చూపించడం. లోపల మౌనిక కొట్టడం, పోవడం, మళ్లీ కొట్టడం. ఆమె "అన్నా" అని పిలవడం మానేసింది. టక్ టక్ టక్ అని చప్పుడు, తర్వాత ఒక చిన్న మౌనం, తర్వాత మళ్లీ టక్ టక్. ఆ మౌనమే ఒక పేజీ పోయిన గుర్తు. తొమ్మిదో రోజు ఆమె వేళ్లకు తైలం రాసుకుంటుంటే చూశాను. బీడీలు చుట్టినప్పుడు కూడా ఎప్పుడూ రాసుకోలేదు.

పదో రోజు మధ్యాహ్నం రెండింటికి ఇంకా తొమ్మిది పేజీలు మిగిలి ఉన్నాయి. వర్ని పక్క ఊరి నుంచి గంగారాం కాక వచ్చి కూర్చున్నాడు, నారుమడికి నీళ్లు పెట్టే చిన్న మోటారు తీసుకుపోవడానికి. ఆయనది మోత వినే విషయంలో ఏడు ఊళ్లలో పేరున్న చెవి.

స్విచ్చేశాను. బంద్ చేశాను.

"మల్లెయ్," అన్నాడు కాక.

వేశాను. లోపల టక్ టక్ ఆగింది. ఈసారి మౌనం చిన్నగా లేదు. నేను గడప దాటి చూస్తే మౌనిక కీబోర్డు మీద రెండు చేతులూ పెట్టి తలవంచుకొని ఉంది. ఏడవడం లేదు. అది చూసే నాకు భయమేసింది.

"ఇగ చాలు," అన్నాను స్క్రూడ్రైవర్ తీసి. "ఇయ్యాల దీని అంతు జూస్త. మొత్తం ఇప్పుత."

"అన్నా, మూడు గంటలే ఉన్నయ్. దాన్ని ముట్టకు."

"పది నిమిషాల్ల ఇప్పి పది నిమిషాల్ల పెడ్త."

"కాకా," అన్నది మౌనిక, గంగారాం కాక వైపు తిరిగి, "మా అన్నను జర పట్టుకుంటరా?"

కాక లేవబోయాడు. అంతకంటే ముందు గడప దగ్గర చాట కింద పెట్టిన చప్పుడైంది. మా అవ్వ పగటిపూట చాట కింద పెట్టిందంటే ఇంటికి చుట్టాలైనా రావాలి, భూకంపమైనా రావాలి.

"ఎవరు దేన్ని ముట్టొద్దు," అన్నది అవ్వ. "మౌనికా, కంప్యూటర్ మంచిగ మొదలైందా?"

"ఐంది అవ్వా."

"పేజీ ఏమన్న చేతుల ఉన్నదా?"

"లేదు. ఇంకా తీయలేదు."

"ఐతె సూడుండ్రి. కాకా, నువ్వు గూడ సూడు. సాచ్చెం కావాలె."

అవ్వ ఒళ్లోని ఆకు ముక్కలు దులుపుకొని దుకాణంలోకి నడిచింది. నా బల్ల ముందు నిలబడి, మోటారు స్విచ్చి మీద వేలు పెట్టి నొక్కింది. మోటారు బుర్రుమన్నది. నెత్తి మీది బల్బు ఒక్క క్షణం సన్నబడింది. లోపల కంప్యూటర్ నల్లగైంది.

అవ్వ స్విచ్చి తీసింది. కంప్యూటర్ మెల్లగా లేచి మొదలైంది. లేచేదాకా ఆగి, మళ్లీ నొక్కింది. బుర్రు. నలుపు.

"మల్లొకసారి ఎయ్యాల్నా?" అని అడిగింది నన్ను. "మీ రైతులు నాలుగుసార్లు అడుగుతరు గదా."

నేను స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాను.  గంగారాం కాక తువ్వాల దులిపి భుజాన వేసుకుంటూ అన్నాడు. "మోటారు ఉషారుగున్నది. పిలగానిదే వైండింగు కాలింది."

"నీకు ఎప్పటిసంది ఎర్క అవ్వా?" అన్నాను చివరికి.

"మొదటి దినం అనుమానముండె. నువ్వు ఆడ నొక్కుడు, ఈడ బల్బు సన్నవడుడు, ఇది కేకేసుడు. నువ్వు పని ఇడిచిపెట్టి దీని ముంగట కూసుంటె ఎవడు నొక్కాలె? అందుకే మంచిగ నడుస్తుండె. ఇంగ నువ్వు నన్ను తెచ్చి గడప కాడ కూసోవెట్టినంక దుకాణం, ఇల్లు రెండర్రలు కనవడవట్టె. రుజువైంది."

"మరి చెప్పొద్దా?"

అవ్వ నా వైపు చూసింది. ఆ చూపుకు జవాబుగా నేను నేలను చూశాను. నేల మీద గ్రీజు మరక ఒకటి కనిపించింది, దాన్ని కాలితో కప్పాను.

ఆ తర్వాత మూడు గంటలు మా దుకాణంలో ఒక్క చప్పుడు లేదు. గంగారాం కాక తన మోటారు తాను తీసుకొని పోవచ్చు, పోలేదు. నా స్విచ్చి బోర్డు మీద తువ్వాల కప్పి, దాని ముందు కుర్చీ వేసుకొని కాపలా కూర్చున్నాడు. కొత్తగా వచ్చిన రైతులు "స్విచ్చెయ్ చూద్దాం" అంటే, "మూసుకొని కూసో, ఆడపిల్ల నౌకరి ఉన్నది లోపట," అనేవాడు. వాళ్లు గుమ్మం బయట వరసగా కూర్చున్నారు. ఫ్యాను కూడా బంద్ చేయించాడు కాక, అవసరం లేకపోయినా. నేను చెమటలు కక్కుతూ నా దుకాణంలో నేనే చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. లోపల టక్ టక్ ఆగకుండా వినిపించింది. ఇంత మంచి మోత నేను ఏ మోటారులోనూ వినలేదు.

ఐదుకు ఇంకా పన్నెండు నిమిషాలు ఉందనగా ఆగింది.  మౌనిక గడప దగ్గరికి వచ్చి తలుపు పట్టుకొని నిలబడింది.

"పోయిందా?" అన్నాను.

"పోయింది," అన్నది. "చివరి పేజీ. పంపిన."

బయట కూర్చున్న రైతులు లేచి, ఎందుకో తెలియకపోయినా, బట్టలు దులుపుకొని నవ్వుకున్నారు.

సోమవారం హైదరాబాద్ నుంచి ఫోను వచ్చింది. మౌనిక అందరికీ వినబడేట్టు పెట్టింది. అవతల ఒక మేడం. "మౌనిక గారూ, మిమ్మల్ని తీసుకుంటున్నాం. తప్పులు చాలా తక్కువ ఉన్నాయి. ఒక్కో పేజీ మీరు రెండు మూడుసార్లు తెరిచి మొదటి నుంచి మొదలుపెట్టినట్టు మా సైట్‌లో కనిపించింది. ఇంత జాగ్రత్తగా చేసేవాళ్లను మేము చూడలేదు."

ఫోను పెట్టేశాక నేను గొంతు సవరించుకున్నాను.

"అంటె ఒక రకంగ జూస్తె," అన్నాను, "నేను గన్నిసార్లు స్విచ్చెయ్యకపోతె..."

మౌనిక చేతిలోని ఫోను బల్ల మీద పెట్టింది. అవ్వ కత్తెర ఆపింది. మిగిలిన వాక్యాన్ని నేను లోపలే చుట్టి పెట్టుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

అందుకే, బోధన్ పట్టణ వాస్తవ్యుడనైన సాయిలు అనే నేను, మంచి మనసుతో, ఎవరి బలవంతమూ లేకుండా, అవ్వ పక్కనే నిలబడి ఉండగా చేస్తున్న ప్రమాణం ఏమనగా: ఇక మీద నేను ఏ కంప్యూటర్ డబ్బా మూతా తీయను. గ్రీజును బేరింగు దాటనివ్వను. ఏదైనా చెడితే అందరికంటే ముందు నన్నే అనుమానిస్తాను. మా అవ్వ ఒక మాట అంటే చేతిలో పని పడేసి వింటాను. విన్న తర్వాత, అది నాకు ముందే తెలిసినట్టు తల ఊపను.

ఈ చివరిదాని ఒక్కదానికి మూడు నెలలు గడువు అడిగాను. అవ్వ ఇవ్వలేదు.